బరువు చూసి కొన్న ఎస్ఎంపిఎస్

పోయిన వారం మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి మూగబోయింది. బటన్ నొక్కితే లోపల ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోతుంది. దానికి కరెంటు పంచిపెట్టే రేకుపెట్టె, అదే ఎస్ఎంపిఎస్, పోయిందని తేలింది. మా అమ్మాయి ఫోను పట్టుకుని కూర్చుని, ఎవరెవరో ఇచ్చిన చుక్కలు చూసి, ఎవరెవరో రాసిన మెచ్చుకోళ్లు చదివి, కొత్తది ఒకటి తెప్పించింది. అట్టపెట్టె ఇంటికి రాగానే నేను దాన్ని విప్పకుండానే కుడిచేత్తో ఎత్తి చూశాను. ఎడమచేతికి మార్చి మళ్లీ చూశాను. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఒరిగించాను. "అమ్మా, అది కొబ్బరికాయ కాదు" అంది మా అమ్మాయి. నవ్వేశాను గానీ, ఒరిగించడం మాత్రం ఆపలేదు.

ఆ అలవాటు నాకు మా వదిన నుంచి వచ్చింది. వదిన అంటే మా అన్న భార్య. సాత్తూరు పక్కన ఒక నల్లరేగడి పల్లెలో పుట్టి, కోవిల్పట్టిలో ఉన్న మా ఇంటికి కోడలుగా వచ్చింది. మావాళ్లదీ అసలు అలాంటి పల్లే. ఎన్ని తరాల కిందట ఎక్కణ్ణుంచి వచ్చి ఆ నేలమీద పడ్డామో ఎవరూ చెప్పలేరు గానీ, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు రాయడం, చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేనే పెళ్లయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. మొదటిసారి హైదరాబాదులో నోరు విప్పితే ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "అమ్మా, మీరు ఏ శాసనంలోంచి దిగారు?" అని అడిగాడు. ఆయనకేం తెలుసు, బజారులో ఆ భాష మాకు ఎంత ఆయుధమో! అంగడివాడి ఎదురుగా నిలబడి, నవ్వుముఖంతో, వాడి సరుకును వాడి ముందే తిట్టుకోవచ్చు. ఆ ధీమాతోనే మా ఇంటి ఆడవాళ్లు కోవిల్పట్టి బజారును ఏలారు.

మా ఇంటి వీధిగది అసలు మిరపకాయలది. ఊళ్లో పండిన పంటను నాయన ధర పెరిగేదాకా ఆ గదిలోనే మూటలు వేసి ఉంచేవాడు. ఏడాదిలో సగం రోజులు వచ్చిన చుట్టాలు తుమ్ముతూ లోపలికి వచ్చి, తుమ్ముతూ సెలవు తీసుకునేవాళ్లు. వదిన పదో తరగతి దాకా చదివింది, తమిళం టైపు నేర్చింది. తొంభైల చివర్లో ఒక సెంటర్లో చేరి కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం పట్టుకుంది. రెండువేలు దాటిన కొత్తలో, మిరప అమ్మేసి గది ఖాళీగా ఉన్న అదను చూసి, అందులో ఒక బల్ల, దాని మీద ఒక కంప్యూటర్ పెట్టించింది. పెళ్లి పత్రికలు, కడలై మిఠాయి, అంటే పల్లీపట్టీల, పొట్లాల మీద పేర్లు, అన్నిటికన్నా ఎక్కువగా అగ్గిపెట్టెల లేబుళ్లు చేసేది. మా వైపు అగ్గిపెట్టెలు చేయని వీధి ఉండదు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క బొమ్మ కావాలి. కొన్నాళ్లకు కూరలమ్మే ఆవిడ కూడా ఆమెను లేబులమ్మ అని పిలవసాగింది. ఆ పేరు విన్నప్పుడల్లా వదిన ముఖం వెలిగిపోయేది. ఇంటి కోడలిగా కాక, తన చేతి పనివల్ల ఆమెకు వచ్చిన మొదటి పేరు అది.

ఆ సంగతి కరెంటుకు తెలియదు కదా. మా వీధిలో ఎవరు బోరు మోటారు వేసినా దీపాలు గుడ్లు తేలేసేవి. కంప్యూటర్ తనంతట తానే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది, చేసిన పని గంగపాలయ్యేది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి, దాని మీద వదిన టీ గ్లాసు పెట్టుకునేది. చివరికొకనాడు, ఒక అగ్గిపెట్టెల యజమాని కోసం ముంగిస బొమ్మ గీస్తుండగా, చిటపటమని చప్పుడై కాలిన వాసన వచ్చింది. ఆ ముంగిస అప్పటికే ఆమెను ఏడిపిస్తోంది, ఎలా గీసినా ఉడత అయ్యేది. ఎస్ఎంపిఎస్ పోయిందన్నారు. శుక్రవారానికి బొమ్మ శివకాశి ప్రెస్సుకు చేరకపోతే, ఇకమీదట లేబుళ్లన్నీ అక్కడే చేయించుకుంటానని యజమాని కబురు చేశాడు.

కోవిల్పట్టిలోనే ఒక అంగడికి వెళ్లాం. అద్దాల అరలో వరసగా రేకుపెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో రంగు స్టిక్కరు. వదిన ఒక్కొక్కదాన్నీ చేత్తో ఎత్తి చూసింది. మాలో ఎత్తి చూడకుండా ఏదీ కొనరు. గుమ్మడికాయైనా, కంచు చెంబైనా, మేకపోతైనా నడుం కింద చెయ్యి వేసి ఎత్తాల్సిందే. తేలిక సరుకు నాసి సరుకని మాకు ఉగ్గుపాలతో పోసిన నమ్మకం. అన్నిటికన్నా బరువైనది ఎంచి, "ఇదే దా పాపా. సెయ్యి గుంజుతా ఉండాది సూడు" అంది నాతో. కాలేజీ చదువు చదువుతున్న నేను కూడా ఎత్తి చూసి, అవునవునని తల ఊపాను.

మూడోనాడే, ముంగిస ఇంకా ఉడతగానే ఉండగా, అది కూడా పొగ వదిలింది. సీలు తీస్తే మార్చి ఇవ్వరని నేను అంటున్నా వినకుండా వదిన స్క్రూడ్రైవరు తెచ్చి మూత విప్పింది. లోపల నాలుగు పీలగా ఉన్న సామాన్లు, ఒక మూల బంకపెట్టి అంటించిన సిమెంటు బిళ్ల. వదిన ఆ బిళ్లను వేలితో తట్టి, పడీపడీ నవ్వింది. "పత్తి బోరాలో రాయి పెట్టి అమ్మేది మనోల్లే గదా పాపా! మన ఇద్దె మనకే సెప్పినాడు సూడు." నవ్వుతూనే ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో నాయన గుమ్మంలోకి వచ్చి, సిమెంటు బిళ్లను చూసి, ఆమెను చూసి, "ఇదిగో అమ్మాయీ, ఇంగొకటి కాలిందంటే ఆ పెట్టెను మూట గట్టు. కొత్త పంట వస్తా ఉండాది. గది నా మిరక్కాయలకు కావాల" అన్నాడు. నాయన చెడ్డవాడు కాదు. బావి మోటారు కాయిలు ఎండాకాలానికొకసారి కాలి, కాలి, కరెంటుతో బతికేది ఏదీ నిలవదని తీర్మానించుకున్న మనిషి. వదిన తల దించుకునే, "ఇంగొకటి కాలదు మామా" అంది. నాకు నాయన మీద కన్నా ఆ సిమెంటు మీద ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే విరుదునగర్ బస్సు ఎక్కాం. వదిన ఒట్టి చేతులతో రాలేదు. మొత్తం సీపీయూను దుప్పటిలో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు అది టీవీ అనుకుని లగేజీ టికెట్టు అడిగితే, టీవీ అయితే ఒళ్లో ఎందుకు పెట్టుకుంటానని తమిళంలో దబాయించింది. ఆ తర్కం అతనికీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు, కానీ టికెట్టు తప్పింది. సాత్తూరులో దోసకాయ ముక్కలు, కారం సేవు కిటికీలోకి వచ్చాయి. పుట్టింటి ఊరు పక్కన బస్సు ఆగితే ఏదో ఒకటి కొనకుండా ఉండని మనిషి, ఆవేళ అటు చూడనే లేదు.

విరుదునగర్లో దిగగానే మిరప ఘాటు, కందిపప్పు దుమ్ము, గానుగపిండి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మాకు తెలిసినవాళ్లు చెప్పిన అంగడి ఒక నూనె మిల్లును ఆనుకుని ఉంది. అంగడాయన నడివయసువాడు, నుదుట విభూతి. వదిన మర్యాదగా, అంగడివాళ్లను అక్కడ అన్నగారూ అని పిలిచే పద్ధతిలో, "అణ్ణాచ్చీ, మంచిదిగా ఒకటి ఇవ్వండి" అని తమిళంలో అడిగింది. ఆయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి తళతళలాడుతూ, ఐదువందల వాట్లని బారెడు అక్షరాలతో ఉంది. రెండోది రంగు వెలిసినట్టున్న మూడువందల వాట్లది, ధర మాత్రం ఎక్కువ. వదిన రెండూ ఎత్తి చూసింది. మూడువందలదే బరువు. నావైపు తిరిగి, నవ్వుముఖం చెదరకుండా తెలుగులో అంది: "ముకం సూస్తే మంచోడి మాదిరి ఉండాడు. ఈడు గూడా సిమెంటు పెట్టింటాడా ఏమి? ఎట్ల కనుక్కొనేది పాపా?"

"సిమెంటు పెట్టలేదమ్మా" అన్నాడు ఆయన తెలుగులోనే. "మాది నరికుడి పక్క పల్లి. ఆడ ఇల్లు కట్టేదానికే సిమెంటు సాలదు, దీంట్లో యాడ పెట్టేది?"

నాకు భూమి చీలి అందులో దూరిపోతే బాగుండుననిపించింది. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, ఆ చెవులకు తెలుగు వస్తుందని ఎవరు అనుకుంటారు? వదిన మాత్రం ఒక్క క్షణం తడబడి, వెంటనే నిలదొక్కుకుంది. "అట్లయితే ఇంగా మంచిదాయె అన్నా. మనోల్లు మనోల్లకు నిజం సెప్పాల. ఏది నిలస్తాది?" తమిళంలో అడిగి ఉంటే మర్యాదలతో పొద్దుపోయేది. మా గుట్టు బయటపడ్డాక ఇక దాచడానికేం మిగల్లేదు, అనుమానమంతా బల్ల మీద పరిచేసింది. ఆయన నవ్వి, టార్చిలైటు వేసి ఫ్యాను సందుల్లోంచి లోపల చూపించాడు. వదిన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఒరిగించి, బరువు ఒక మూలకు లాగుతోందా, అంతటా ఉందా అని చూసింది. ఆయన స్టిక్కరు చూపించి, "మొత్తం ఎంతని సూడొద్దమ్మా. ఈ పసుపు తీగ ఎంత మోస్తాదో, ఎర్ర తీగ ఎంత మోస్తాదో ఇడిగా రాసుండాది గదా. అట్ల రాసే దైర్నం లేనోడు మొత్తం ఒకటి పెద్దగా రాసుకుంటాడు" అన్నాడు. మూడువందలదాని తీగలు లావుగా ఉన్నాయి. ఐదువందలదాని తీగలు సేమ్యాల్లా ఉన్నాయి.

అక్కడితో కొనేసి వచ్చేయొచ్చు. వదిన కొనలేదు. "మోస్తాదని రాసుండాది, సరి. మోసేది నేను సూడాల" అని దుప్పటి విప్పి సీపీయూ బల్ల మీద పెట్టింది. ఆయన దానికి మూడువందలది బిగించి, అంగడిలోని ఇంకో మానిటర్ కలిపి వేశాడు. కంప్యూటర్ లేచింది. ఇది చాలదా అన్నట్టు ఆయన చూశాడు. "పక్కన మిల్లు మోటరు ఎప్పుడు ఏస్తారన్నా?" అని అడిగింది వదిన. మధ్యాహ్నం భోజనాలయ్యాకనని చెప్పాడు. "అయితే ఉంటాము" అంది. అని, కుర్చీ లాక్కుని, ముంగిస బొమ్మ తెరిచి, ఆ అంగడిలోనే పని మొదలుపెట్టింది. వచ్చిన బేరగాళ్లు ఆమెను కొత్తగా చేరిన మనిషనుకుని ధరలు అడుగుతుంటే, తల తిప్పకుండా అణ్ణాచ్చి వైపు వేలు చూపించేది. ముంగిసకు తోక సన్నబడింది, మూతి సాగింది, నెమ్మదిగా ఉడతతనం వదిలింది. ఆయన ఇంటినుంచి మాకు కూడా పెరుగన్నం వచ్చింది. సరిగ్గా వదిన కన్ను గీస్తుండగా పక్కన మిల్లు గుర్రుమంది. ట్యూబులైటు కొట్టుకుంది, ఫ్యాను ఈడిగిలబడింది, అణ్ణాచ్చి సొంత కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. ముంగిస మాత్రం కన్ను ఆర్పలేదు. ఆయన తన నల్లటి మానిటర్ వైపు చూసుకుని, "నేను గూడా ఇదే ఏసుకోవాల మాదిరి ఉండాది" అన్నాడు. వదిన అప్పుడు కొంది.

ఇల్లు చేరేసరికి వరండాలో రెండు మిరప మూటలు దిగి ఉన్నాయి. వదిన వాటిని దాటుకుని లోపలికి వెళ్లింది. కంప్యూటర్ బల్ల మీద పెట్టి, ముంగిసను తెరిచి, గుమ్మంలో నిలబడ్డ నాయనతో, "మామా, బోరు మోటరు ఎయ్యండి" అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, ఆమె రచ్చ గెలిచి ఇంటికి వచ్చింది. నాయన నమ్మలేనట్టు నిలబడి, పెరట్లోకి వెళ్లి స్విచ్చి వేశాడు. బల్బు ఎర్రబడింది. నాయన పెరట్లోంచి వచ్చి తెర ముందు వంగి చూశాడు. ముంగిస ఆయన్నే చూస్తోంది. మళ్లీ వెళ్లి ఆపి, మళ్లీ వేసి వచ్చాడు. ఇంకోసారి కూడా చేశాడు. చివరికి, "ఉడత బాగుండాది" అని, మూటలను తనే భుజానికెత్తి వెనక కొట్టంలో వేసి వచ్చాడు. ఆ వెనక వదిన బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. శుక్రవారం శివకాశికి ముంగిస వెళ్లింది.

నాయన పోయి చాలా ఏళ్లైంది. ఆ గదిలోకి మాత్రం మిరప మూట మళ్లీ రాలేదు, వదిన ఇప్పటికీ అందులోనే పని చేస్తుంది. కొత్త ఎస్ఎంపిఎస్ బిగించాక ఆమెకు ఫోను చేసి చెప్పాను. ఎంతకు కొన్నావనీ అడగలేదు, ఏ కంపెనీదనీ అడగలేదు. "మోటరు ఏసి సూసినావా పాపా?" అంది. మా అపార్ట్‌మెంటులో మోటారు నా చేతిలో ఎక్కడిది? మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మెషీను ఒకేసారి వేసి, మా అమ్మాయి నవ్వుతుండగా, తెర ముందు నిలబడి చూశాను. తెర ఆరలేదు. కాలం ఎవరినీ చేత్తో ఎత్తి బరువు చూడదు, మోటారు వేసి చూస్తుంది.