జవాబు పత్రంలో చొక్కా

మా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ బ్రాంచికి చివరికి మేం ఇద్దరమే మిగిలాం. ఇంకొకాయన పేరుకు హెడ్డు. అడ్మిషన్ల కోసం గోరంట్ల, తనకల్లు వైపు పల్లెలు తిరగడంతోనే ఆయన ఏడాది గడిచిపోతుంది. అందుకని పొద్దున సి ప్రోగ్రామింగ్ నేనే, టీ తాగొచ్చాక కంప్యూటర్ ఆర్కిటెక్చర్ నేనే, అన్నాలు తిని నిద్ర మొహాలతో కూర్చున్న పిల్లలకు వెబ్ డిజైనింగ్ చెప్పేదీ నేనే. "మళ్ళీ మీరేనా మేడం?" అని వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు మూలుగుతాడు. "నాకేమన్నా మీ మొహాలు చూడాలని సరదానా? నోరు మూసుకుని కూర్చో" అంటాను. నా నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. యాడికి అనే ఊరి దగ్గర పల్లెలో పుట్టినదాన్ని, మెత్తగా మాట్లాడటం మా ఇంటా వంటా లేదు.

ఈ మూడు సబ్జెక్టుల్లో పిల్లలకు వెబ్ అంటే ఇష్టం. నాలుగు లైన్లు రాస్తే తెర మీద ఏదో ఒకటి కనబడుతుంది. ఊరి జాతర ఫోటో పెట్టి, వెనక కళ్ళు చెదిరే పసుపు రంగు పూసి, పైన పేరు ఎగిరెగిరి పడేటట్టు చేసి, చూడండి మేడం అని మురిసిపోతారు. ప్రోగ్రాం రాస్తే కనీసం తప్పయినా కనబడుతుంది. ఆర్కిటెక్చర్‌లో కనబడేదేమీ లేదు. బోర్డు మీద నేను డబ్బాలు గీస్తాను, డబ్బాల మధ్య బాణాలు గీస్తాను, లోపల ఇట్లా జరుగుతుందని చెబుతాను. తెలుగులో పదో తరగతి చదివి వచ్చిన పిల్లలు ఆ ఇంగ్లీషు పుస్తకంలోని డబ్బాలను అట్లే బట్టీ పట్టి, అట్లే గీసి, పాసైపోతారు.

ఒక పిల్ల మాత్రం బట్టీ పట్టలేకపోయింది. గోరంట్ల దగ్గర పల్లె, తండ్రి గొర్రెలు కాసేవాడు. మిగతా అన్ని పేపర్లూ మంచి మార్కులతో గట్టెక్కింది కానీ ఆర్కిటెక్చర్‌లో రాసిన ప్రతిసారీ ఫెయిలైంది. ఒకసారి పట్టుకుని అడిగాను, "అందరూ బట్టీ కొడతాండారు కదమ్మే, నీకేం రోగం?" అని. "నోట్లోకి వస్తాది మేడం, మళ్ళా పోతాది. అది ఏందో తెలీకుంటే నాకు నిలబడదు" అంది. నాకు ఒళ్ళు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ మాట బాగానే ఉందనిపించింది. ఆ ఒక్క పేపరు మిగలబెట్టుకునే కాలేజీ వదిలింది. తండ్రికి మోకాళ్ళు పోయి గొర్రెలు అమ్మేశారని, ఈ పిల్ల హిందూపురం దారిలో బట్టల ఫ్యాక్టరీలో చేరిందని తర్వాత తెలిసింది.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. నేను తలంటుకుని వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. మనిషి సగమైంది. ఎవరో గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది.

"మేడం, పాత సిలబస్ తీసేస్తాండారంట. మా బ్యాచీ వాళ్ళకు ఈ పరీక్షే లాస్ట్ ఛాన్సంట."

"తెలుసు. ఇన్నేళ్ళూ ఏం చేసినావు? గాడిదలు కాసినావా?"

"కాలర్లు కుట్టినా మేడం" అని నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "మా ఫ్యాక్టరీలో కంప్యూటర్ రూమ్ ఉండాది. చొక్కా ముక్కలు ఎట్ల కత్తిరించాలో ఆడ కంప్యూటర్‌లో గీస్తారు. అందులో పనిచేసే ఒకామె మానేస్తాండాది. డిప్లొమా సర్టిఫికెట్ ఉంటే ఆ పని నీకిస్తామన్నారు. నాకు కుర్చీలో నిటారుగా కూర్చునే పని కావాల మేడం. పొద్దుగూకులూ మిషన్ మీద వంగి వంగి మెడ పట్టేస్తాండాది. ఒక్కోరోజు తల తిప్పల్లన్నా కాదు."

ఇంకా పెళ్ళి కూడా కాని పిల్ల, ముసలమ్మ మాదిరి మెడ పట్టుకుని చెబుతోంది.

"మిగిలిందేది?"

"అదే మేడం. మీ ఆర్కిటెక్చర్."

మా ఆర్కిటెక్చరట! నేనేదో పుట్టింటి నుంచి మూట కట్టుకుని తెచ్చినట్టు. "సరే, ప్రతి ఆదివారం రా. నిద్రపోయినావంటే మొహాన నీళ్ళు కొడతా" అన్నాను.

వచ్చింది. నిద్రా పోయింది. వారమంతా కుట్టు మిషన్ల లైన్‌లో కూర్చున్న మనిషి, మా ముందు గదిలో ఫ్యాన్ కింద చాప మీద కూర్చుంటే నిద్రపోక ఏం చేస్తుంది. నీళ్ళు కొడతానన్నదాన్ని, కాఫీ కలిపి ఇచ్చేదాన్ని. మొదటి పాఠాలు మెల్లగా ఎక్కాయి. మెమరీ గురించి చెప్పినప్పుడు తనంతట తనే ప్రశ్నలు అడిగింది. పైప్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పాత కథే, అడుగు ముందుకు పడలేదు.

తెలియని వాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. కంప్యూటర్ ఒక ఆజ్ఞను పూర్తి చేయాలంటే ముందు దాన్ని తెచ్చుకోవాలి, తర్వాత అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత చేయాలి, చివరికి ఫలితాన్ని దాచాలి. మొదటి ఆజ్ఞ పూర్తయ్యే దాకా రెండోది కాచుకుని ఉండదు. మొదటిదాన్ని అర్థం చేసుకుంటున్నప్పుడే రెండోదాన్ని తెచ్చేసుకుంటుంది. అంతే పైప్‌లైన్ అంటే. దీనికి పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ వాషింగ్ మిషన్. ఒక విడత బట్టలు ఉతుకుతుండగా ముందటి విడతను ఆరబెట్టే మిషన్‌లో వేస్తారట. ట్యాంకర్ వచ్చిన రోజే నీళ్ళు చూసే పల్లెల పిల్లలకు, బట్టలు ఆరబెట్టడానికి కూడా ఒక మిషనట! మా ఎండలకు దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతాయి. ఇన్నేళ్ళూ నేనూ ఆ ఉదాహరణే చెబుతూ వచ్చాను.

ఆ రోజు విసుగొచ్చి పుస్తకం పక్కన పడేశాను. "ఏమ్మే, మీ ఫ్యాక్టరీలో ఒక చొక్కా మొత్తం నువ్వే కుడతావా?"

"లేదు మేడం. నేను కాలరే. నా ముందు పిల్ల భుజాలు, నా ఎనక పిల్ల చేతులు, ఆ తర్వాత గుండీలు."

"నువ్వు ఈ చొక్కాకు కాలరు కుడతాంటే చేతులు కుట్టే పిల్ల ఊరకే కూర్చుంటాదా?"

"యాడ కూర్చుంటాది! అంతకు ముందు చొక్కాకు చేతులు కుడతాంటాది."

"నువ్వు ఆగితే?"

"నా ఎనకోళ్ళంతా ఆగిపోతారు. సూపర్‌వైజర్ వచ్చి అరుస్తాడు" అంటూనే ఆగిపోయింది. పుస్తకంలోని డబ్బాల వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇదేనా మేడం? ఇంతేనా? ఓసి దీని దుంపతెగ, ఇన్నేండ్లు ఏడిపించింది ఇదా!"

ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అంత సంతోషం కలిగిన రోజులు తక్కువ. ఆ పూట నేను చెప్పడం కాదు, తనే చెప్పింది. గుండీలు అయిపోతే లైన్ ఎట్లా ఆగుతుందో, చేతులు కుట్టే పిల్ల కొత్తదైతే ఆమె ముందు ముక్కలు ఎట్లా కుప్పపడతాయో చెప్పి, కంప్యూటర్‌లోనూ అట్లే అవుతుందా అని అడిగి, అవుతుందంటే చప్పట్లు కొట్టింది. పుస్తకంలో రెండు పేజీల తర్వాత రావలసినవి కూడా ఆ పిల్లే ముందుగా పట్టేసింది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర వెనక్కి తిరిగి, "ఇంక దీంట్లో నన్ను ఎవురూ ఫెయిల్ చెయ్యలేరు మేడం" అంది.

పరీక్ష వేరే ఊళ్ళో పడింది. అయిపోగానే బస్టాండు నుంచి ఫోన్ చేసింది. చుట్టూ బస్సుల హారన్లు, వాటి మీద కేకలేస్తూ మాట్లాడుతోంది.

"మేడం! పైప్‌లైన్ వచ్చినాది! పెద్ద ప్రశ్నే! పేజీలు పేజీలు రాసినా! మన చొక్కా రాసినా!"

"చొక్కా రాసినావా? పుస్తకంలో మాటలు రాసినావు కదా? తెచ్చుకునేది, అర్థం చేసుకునేది, అవి?"

"అవి యాడివి మేడం? కాలరు, చేతులు, గుండీలు, అన్నీ వరసగా రాసినా. లైన్ బొమ్మ కూడా గీసినా."

"కంప్యూటర్ అన్న మాటన్నా రాసినావా తల్లీ?"

"చొక్కా అంటే కంప్యూటరే కదా మేడం. మనకు తెలుసు కదా."

మనకు తెలుసు! అటు ఆ పిల్ల సంబరం తగ్గలేదు. "బాగా రాసినావులే, ఇంటికి పోయి అన్నం తిను" అన్నాను. ఇంకేమనాలి? మిగతా ప్రశ్నలు ఎట్లా రాశావని అడిగితే, పర్వాలేదంది. ఆ పర్వాలేదు మీదే ప్రాణాలు పెట్టుకుని ఫలితాల దాకా కాచుకున్నాను. ఆ పేపరు ఎవరి చేతిలో పడుతుందోనని ఊహించుకోని రోజు లేదు. నేనూ పేపర్లు దిద్దడానికి వెళ్ళినదాన్నే. ఉక్కపోతగా ఉండే హాలు, ముందు కట్టలు కట్టలు, పక్కన జవాబుల కాగితం. అందులో ఉన్న మాటలు కనబడితే టిక్కు, లేకపోతే పేజీ తిప్పడమే. కంప్యూటర్ పేపర్‌లో కాలరు గురించి రాసిన జవాబు కనబడితే నేనైనా ఏం చేసేదాన్నో? పక్కాయనకు చూపించి నవ్వి ఉండేదాన్ని.

రెండు మూడు మార్కుల తేడాతో ఆ చివరి ఛాన్సు పోయింది. రీకౌంటింగ్ పెట్టించాం. కూడికలో తప్పేమీ లేదని వచ్చింది.

రీకౌంటింగ్ ఫలితం వచ్చిన ఆదివారం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. చాప వేయబోతే వద్దంది. గడప దగ్గరే నిలబడింది.

"తప్పు రాసినానా మేడం?"

"లేదు."

"చొక్కా కరెక్టే కదా?"

"కరెక్టే" అన్నాను. అబద్ధం కాదది. ఆ పరీక్ష రాసిన పిల్లల్లో పైప్‌లైన్ అంటే ఏమిటో ఆ పిల్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగింది. "అట్లయితే ఆ మాటే మా ఫ్యాక్టరీలో చెప్తారా మేడం? కంప్యూటర్ రూమ్ సార్‌తో. మీరు లెక్చరర్ కదా, మీరు చెప్తే ఇంటాడు."

నా మాట సర్టిఫికెట్ కాదని నాకు తెలుసు. ఆ పిల్లకు మాత్రం తెలియదా? అయినా అడిగింది. అడిగాక నేను పోకుండా ఎట్లా ఉంటాను?

మరుసటి రోజు సెలవు పెట్టి వెళ్ళాను. ఆ సార్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, నేను చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నాడు. చొక్కా సంగతి చెబితే నవ్వాడు కూడా. తర్వాత అన్నాడు, "ఆ పిల్ల పనిమంతురాలని నాకు తెలీదా మేడం? నేను పేరు రాసి పంపితే పైన ఆఫీసోళ్ళు సర్టిఫికెట్ యాడని అడుగుతారు. మీరు రోజూ పరీక్షలు పెట్టేవాళ్ళు. మీకు నేను చెప్పాల్నా?"

చెప్పక్కర్లేదు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

అప్పుడే భోజనాల బెల్ కొట్టారు. గేటులోంచి ఆడపిల్లలు గుంపుగా బయటికొచ్చారు. వాళ్ళలోంచి మా పిల్ల పరిగెత్తుకొచ్చింది. జుట్టు నిండా దారప్పోగులు.

"చెప్పినారా మేడం?"

"చెప్పినా."

"నాకు అర్థమైందని చెప్పినారా?"

"చెప్పినామ్మే. నా దగ్గర చదివినోళ్ళలో ఇంత బాగా ఎవురికీ అర్థం కాలేదని చెప్పినా."

"ఏమన్నాడు?"

నా నోరు ఎంత పెద్దదో అప్పుడు తెలిసొచ్చింది. వాచ్‌మన్ చూస్తున్నాడు, ఆ పిల్ల తోటివాళ్ళు చూస్తున్నారు, నడివీధిలో నిలబడి ఏడ్చేశాను. అంత వయసొచ్చిన మనిషినన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఆ పిల్ల ఏడవలేదు. నా మొహం చూసింది. నా చెయ్యి పట్టుకుని గేటు పక్కన గొడుగు నీడలో మజ్జిగ అమ్మే అవ్వ దగ్గరికి నడిపించింది.

"అవ్వా, మా మేడం ఎండలో అంత దూరం నుంచి వచ్చింది. ఒక గ్లాసు చల్లగా ఇయ్యి" అంది. నేను తాగేదాకా పక్కనే నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది.