మేడమ్ వినలేని శుక్రవారాలు

మొన్న బ్యాంకులో టోకెను పట్టుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన తల తిప్పగానే ఆయన చెవిలోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. వినికిడి మిషన్ చెవికి సరిగ్గా కుదరకపోతే అలా కూస్తుందట. ఆయన దాన్ని వేలితో అదిమి, తప్పు చేసినవాడిలా నా వంక చూసి నవ్వాడు. నేను మామూలుగా బ్యాంకులో ఎవరితోనూ నవ్వను. నవ్వాల్సిన పనులేవీ అక్కడ జరగవు. ఆయనతో మాత్రం నవ్వాను. ఆ ఈల విన్న క్షణం నుంచీ నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొస్తూనే ఉన్నారు. ఆవిడ చెవిలో అలాంటి మిషన్ ఉండేది కాదు. ఉండాల్సింది. ఉండి ఉంటే నన్ను మొదటి బెంచీకి పిలిచేవారు కాదు, నేను ఈపాటికి వట్టి గయ్యాళిగా మిగిలేదాన్ని. ఇప్పుడూ గయ్యాళినే అంటారు గాని, వట్టి గయ్యాళిని కాదు.

ఎనభైల చివర సికింద్రాబాదులో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను బి.ఏ. చదివాను. మా ఇల్లు సీతాఫల్‌మండిలో. నాన్నకు తిరుమలగిరిలో మిలిటరీవాళ్ళ యూనిఫాంలు కుట్టే దుకాణం ఉండేది. పని ఎక్కువైతే ఇంటికి తెచ్చుకునేవాడు. కుట్టుమిషన్ల చప్పుడు మీద మాట్లాడాలి కాబట్టి మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. అన్నలవి పెద్దవైతే దర్జా, నాదైతే పరువు తక్కువ.

"గంత గట్టిగ ఒర్రకే స్వరూపా, రైలు పట్టాల అవుతలికి ఇనబడుతది" అనేది అమ్మ.

"ఇననియ్యి. అబద్ధం చెప్తున్ననా?"

"అబద్ధమైతే మెల్లగ చెప్తవ్. నిజమని చెప్పి బజారంత పరేషాన్ చేస్తవ్."

నాకీ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఎస్తేరు మేడమ్ మాకు తెలుగు చెప్పేవారు. నరసాపురం వైపు క్రైస్తవ కుటుంబం. తండ్రి బడిపంతులు, అక్కలు నర్సులు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అంచు సన్నగా ఉండే నేతచీరలు, పొట్టి జడ, చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్కు. ఆఖరి సంవత్సరం మాకు ఒక వ్యాసం పని ఉండేది. పాఠాల్లోంచి ఒక కథో కవితో తీసుకుని, అది మాట్లాడే సమస్య మన సమాజంలో ఎలా ఉంది, ప్రపంచంలో ఎలా ఉంది అని రాయాలి. రాసింది క్లాసులో చదవాలి, అడిగినవాళ్ళకు జవాబు చెప్పాలి. దానికి మార్కులుండేవి. పక్క సెక్షన్లో పిల్లలు బజారు గైడులోంచి ఎక్కించి, రంగు అట్ట వేసి ఇచ్చేసేవాళ్ళు. యుద్ధమైనా, ఆకలైనా, స్త్రీవిద్య అయినా గైడులో రెండున్నర పేజీల్లో తీరిపోయేవి. మా మేడమ్ మాత్రం శుక్రవారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి ఆ పనికే ఇచ్చేవారు.

మొదటి శుక్రవారం విమల చదివింది. తను బొల్లారం నుంచి బస్సులో వచ్చేది. తండ్రి ఫౌజులో పనిచేసి రిటైరయ్యాడు. తన గొంతు ఎంత చిన్నదంటే, తనకు తానే రహస్యం చెప్పుకుంటున్నట్టుండేది. యుద్ధం వద్దని చెప్పే కవితల మీద రాసింది. చివరి బెంచీలో ఉన్న నాకు అందినంతలో, ఆ కవితల్ని తప్పుపడుతోందని అర్థమైంది. ఇంకేం కావాలి, లేచాను.

"అంటే యుద్ధాలు కావాల్నంటవా?"

మేడమ్ చప్పున తలెత్తారు. "ఎవరది?"

"నేనే మేడమ్. స్వరూప."

"పుస్తకాలు తీసుకుని ఇలా వచ్చి మొదటి బెంచీలో కూర్చో."

శిక్ష అనుకున్నాను. అందరూ అలాగే అనుకుని నవ్వారు. వెళ్ళి విమల పక్కన కూర్చోబోతుంటే మేడమ్ ఆపారు. "ముందు ఆ అమ్మాయి ఏమందో నువ్వు చెప్పు. 'అవును, నేనన్నది అదే' అని తను ఒప్పుకోవాలి. ఆ తర్వాతే నీ వంతు."

"యుద్ధం మంచిదే అంటుంది మేడమ్."

"అన్నావా విమలా?"

విమల తల అడ్డంగా ఊపింది.

"యుద్ధం వద్దన్నోళ్ళు తెలివి తక్కువోళ్ళు అంటుంది."

మళ్ళీ అడ్డంగా ఊపింది. నాకు ఒళ్ళు మండింది. "మరి ఏమన్నవే తల్లీ, నువ్వే చెప్పరాదు" అన్నాను. తను నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. "ఆ కవితలల్ల సిపాయి ఊకె చస్తడు. ఒక్కసారి సుత మాట్లాడడు. మా నాయన మాట్లాడ్తడు. యుద్ధం వద్దని అందరికన్న గట్టిగ మా నాయనే అంటడు. ఆయనను ఎవరు అడగలే, గంతే."

అదే మాటను నేను క్లాసంతా వినేలా చెప్పాను. చెబుతుండగానే నా దగ్గర సిద్ధంగా ఉన్న వాదన సగం కరిగిపోయింది. "అవును, నేనన్నది గదే" అంది విమల. "ఇప్పుడు నీ వంతు" అన్నారు మేడమ్. మిగిలిన సగాన్నీ మింగేసి కూర్చున్నాను. నోరున్నవాళ్ళకు ఇంతకంటే అన్యాయమైన నియమం లోకంలో ఉండదని ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారి పొడుగునా తిట్టుకున్నాను.

అయినా అలవాటైంది. ఎవరు ఏం చదివినా, ఎవరు ఏం అడిగినా మొదట నేను లేచి ఆ మాట తిరిగి చెప్పాలి. తప్పు చెబితే "గట్ల కాదు, సక్కగ చెప్పు" అని వెనక నుంచి అదిలించేవాళ్ళు. వలసల మీద, అణుబాంబు మీద, ఊళ్ళో కులం మీద, నాకు బొత్తిగా నచ్చని అభిప్రాయాలను కూడా చెప్పినవాళ్ళు ఒప్పుకునేలా చెప్పడం నేర్చుకున్నాను. మేడమ్ నా మొహం వంకే చూస్తూ వినేవారు. నా తెలివి మీద ఆవిడకు అంత గురి అని లోలోపల పొంగిపోయేదాన్ని.

వానాకాలం చివర జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. మా ఇంట్లో అది పండగ. "దేవుడున్నడు" అన్నాడు పెద్దన్న. ఆ శుక్రవారం ఒకమ్మాయి మురికినీళ్ళ మీద చదివింది, వెనక నుంచి కొందరు ప్రశ్నలడిగారు. మేడమ్ ఒక్కొక్కరి మొహం చూశారు. "మళ్ళీ చెప్పు" అన్నారు. చెప్పారు. "ఇంకోసారి" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. నేను గొంతు పట్టుకుని చెయ్యి ఊపాను. అప్పుడు ఆవిడ మొహంలో భయం చూశాను. రద్దీలో రోడ్డు దాటిస్తున్న చెయ్యి నడిమధ్యలో వదిలేస్తే చిన్నపిల్లలు ఎలా చూస్తారో అలా చూశారు. "ఇవాళ్టికి చాలు, ఎవరికి వాళ్ళు చదువుకోండి" అని కుర్చీలో కూర్చుండిపోయారు.

అందరూ వెళ్ళాక నేను మిగిలాను. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి నా వైపు జరిపారు. నేను నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దతో రాశాను: మీకు వినబడదా మేడమ్?

ఆవిడ లేచి వచ్చి, చీర కొంగుతోనే దాన్ని తుడిచేశారు. తర్వాత జవాబు చెప్పారు.

"ముందు వెనక బెంచీలు పోయాయమ్మా. తర్వాత మధ్య బెంచీలు. ఇప్పుడు నువ్వొక్కదానివే మిగిలావు."

మిషన్ పెట్టుకోరాదా అని రాశాను. చేతిసంచీలోంచి వైరు చుట్టిన చిన్న డబ్బా తీసి చూపించారు. "ఇది పెడితే ఫ్యాను మాట్లాడుతుంది, బెంచీలు మాట్లాడతాయి. పిల్లలు తప్ప అందరూ మాట్లాడతారు. పైగా ఇది కనబడిన మర్నాడే నన్ను తీసుకెళ్ళి లైబ్రరీలో కూర్చోబెడతారు. పుస్తకాలు మంచివే గాని, తిరిగి వాదించవు కదా."

నాకు ముందు జాలి కలగలేదు, కోపం వచ్చింది. సుద్ద విరిగేలా రాశాను: అయితే నన్ను ముందుకు పిలిచింది నా గొంతు కోసమా?

"గొంతు కోసమే. తెలివికనుకున్నావా?" ఆవిడ నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపారు. "ఇలా చూడు. నువ్వు విమల మాటను వంకర చేసి చెబితే నాకు వంకరే అందుతుంది. సరిచూసుకునే దారి నాకు లేదు. అందుకే ఆ పిల్ల అవుననేదాకా నిన్ను వదల్లేదు. నువ్వు కోప్పడుతూనే నేర్చుకున్నావు. ఇంత గొంతున్నవాళ్ళు సాధారణంగా ఆ పని నేర్చుకోరమ్మా."

ఇంట్లో నలుగురూ నొక్కేయమని చెప్పే గొంతు మీద ఒక మనిషి క్లాసు నడుస్తోంది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

సంవత్సరం చివర మార్కులు వెయ్యడానికి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన్ని తీసుకొచ్చి చివరి బెంచీలో కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నారు. ఆయన అడిగేది ఎస్తేరు మేడమ్‌కు వినబడదని ఆ ఇద్దరికీ తెలిసిందంటే, ఆవిడకు ఇక పాఠం చెప్పే పని ఉండదు. ఆ భయంతోనే నేను నా వ్యాసం చదివాను. కరువు కథలన్నీ తినేవాడి కడుపు గురించే చెబుతాయి గాని, ఉన్న గుప్పెడు గింజల్ని ఎవరికి ఎంతని పంచే ఆడమనిషి చెయ్యి గురించి ఎందుకు చెప్పవని రాశాను. కరువు దేశాల ఫోటోల్లో గిన్నె పట్టుకున్న పిల్లాడుంటాడు, ఆ గిన్నెలో ఎంత వెయ్యాలో తేల్చుకోవాల్సిన తల్లి ఉండదని రాశాను.

ఆయన మెత్తగా మాట్లాడే మనిషి. మా దురదృష్టం. "మేడమ్, ఇది సాహిత్య విమర్శ అవుతుందంటారా? మీరు ఎలా ఒప్పుకున్నారు?" అన్నారు. ఎస్తేరు మేడమ్ చిరునవ్వుతో అలాగే నిలబడి ఉన్నారు.

"సార్ అడుగుతున్నదేంటంటే, ఇది సాహిత్య విమర్శేనా, మీరెట్ల ఒప్పుకున్నరని" అన్నాను గట్టిగా.

"నేను మీ మేడమ్‌ని అడిగానమ్మా."

"తెలుసు సార్. మా క్లాసుల ఎవరి మాటైనా ముందు తిరిగి చెప్పాలె. మీరన్నది అదేనా?"

ఆయన ప్రిన్సిపాల్ వంక చూసి, "అదే" అన్నారు. మేడమ్ జవాబు చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే ఆయన ముందుకు వంగి విన్నారు. రెండో ప్రశ్నకూ నేను అలాగే లేచాను. ఈసారి ప్రిన్సిపాల్ ఊరుకోలేదు. "స్వరూపా, నీ వ్యాసం అయిపోయింది కదా. కాసేపు వరండాలో నిలబడు. మేడమ్‌ని మాట్లాడనివ్వు."

ఆ మాట ఎస్తేరు మేడమ్‌కు వినబడలేదు. నేను పుస్తకాలు సర్దుకోవడం చూసి గ్రహించారు. వెళ్ళమన్నట్టు తల ఊపారు.

కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఆయన ఏదో అడగడం గొణుగుడులా వినబడింది. తర్వాత ఏమీ లేదు. కిటికీలోంచి నేను అరిస్తే ఆవిడకు వినబడుతుంది, కాని అరిస్తే అందరికీ తెలిసిపోతుంది. అంత గొంతూ గొంతులోనే పెట్టుకుని నిలబడ్డాను.

"సారు అన్నది ఏందంటే..."

ఎవరో మొదట తెలియలేదు. ఆ గొంతు మధ్యలో చీలింది, దగ్గింది, మళ్ళీ ఎత్తుకుంది. విమల. బస్సులో టికెట్టు అడగడానికి కూడా పక్కవాళ్ళ సాయం తీసుకునే విమల, మోండా మార్కెట్లో కూరగాయలమ్మినట్టు అరుస్తోంది. "ఆకలి గురించి రాసేటందుకు ఆకలైన అనుభవం ఉండాల్నా అని అడుగుతున్నరు. గదేనా సార్?" ఆ తర్వాతి ప్రశ్నకు వెనక బెంచీలోంచి ఇంకెవరో లేచారు. ఆ తర్వాత ఇంకొకరు. నేను ఎవరికీ చెప్పలేదు. అందరికీ ఎప్పుడో తెలుసు.

వచ్చినాయన వెళ్ళాక మేడమ్ వరండాలోకి వచ్చారు. మెచ్చుకుంటారనుకున్నాను. "విమల గొంతు అలా ఉంటుందా?" అన్నారు.

"ఎట్ల మేడమ్?"

"ఇన్నాళ్ళూ ఆ పిల్ల మాటలు నీ గొంతులోనే విన్నాను. తనది వేరే రకంగా ఉందమ్మా. కాస్త బొంగురు. బాగుంది." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేను ఏడవడం ఇంకొకరు చూస్తే నాకు నచ్చదు కాబట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

సోమవారం ఆవిడ ఆ డబ్బా, వైరు, అన్నీ కనబడేలా పెట్టుకుని తనంతట తానే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి చెప్పేశారు. తెలిసి నేను స్టాఫ్‌రూమ్ మీదికి యుద్ధానికి పోయాను. "మేము గింత తక్లీఫ్ పడి దాచిపెడితే మీరే పోయి చెప్పుడేంది మేడమ్?"

"అరవకు, ఇవాళ వైరుంది" అన్నారు ఆవిడ. "మీరు నా కోసం గొంతు చించుకున్నారు, సరే. మీ తర్వాత వచ్చేవాళ్ళకు అది చాకిరీ అవుతుంది. అదీగాక, విమల గొంతు విన్నాక అనిపించింది, ఇలా దాచుకుని ఇంకా ఎందరి గొంతులు పోగొట్టుకున్నానో అని."

మిగతా క్లాసులన్నీ తీసేసి ఆవిడను లైబ్రరీకి పంపారు. శుక్రవారం రెండు పీరియడ్లు మాత్రం వదిలారు. అవి రిటైరయ్యేదాకా ఆవిడవే. నేను దాన్ని ఇప్పటికీ అన్యాయమనే అంటాను. ఆవిడ మాత్రం, చివరిసారి బొల్లారంలో తన అక్కగారింట్లో చూసినప్పుడు కూడా, ఉన్నదాంట్లో మంచి భాగమే దక్కిందని అన్నారు. అప్పటికి నా గొంతు కూడా ఆవిడకు అందడం లేదు. పెదవులు చూసి మాట్లాడారు. ఇప్పుడు ఆవిడ లేరు.

ఎదుటివాళ్ళ మాట ముందు తిరిగి చెప్పే అలవాటు నాకు అలాగే ఉంది. "తిట్టేటందుకు ముంగట నా మాట నాకే అప్పజెప్తవు, గందుకే తిట్టు డబల్ తాకుతది" అంటాడు మా ఆయన. కాని నన్ను వదలనిది ఆ అలవాటు కాదు, ఆ వరండా. నేను మొదటి బెంచీలో ఉన్నన్నాళ్ళూ విమలకు తన గొంతుతో పని పడలేదు. ఎంత బాగా చెప్పినా తన మాట నా నోట్లోనే ఉండిపోయింది. నన్ను బయటికి పంపితే గాని అది తన నోటికి చేరలేదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాలాంటిదానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు మీటింగుల్లో నీళ్ళ గురించో, వాచ్‌మన్ జీతం గురించో మాట వస్తుంది. నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే. వెనక కుర్చీల్లో ఎవరి పెదవులో కదిలి ఆగిపోవడం చూస్తాను. అప్పుడు నోరు మూసుకుంటాను. అది నాకు ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. సెక్రటరీ గడియారం చూసుకుని, "మేడమ్, మీరే ఏమన్న చెప్పుండ్రి" అంటాడు.

"జెర ఆగుండ్రి" అంటాను.

వెనక ఎవరో కుర్చీ జరిపి లేస్తారు.