చెల్లెలి కోసం ఏరిన పాటలు

అన్న పెళ్లినాడు మైకుసెట్టువాళ్ల గ్రామఫోను సూదుల డబ్బీని బావిలో పారేసింది నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చెల్లెలికి పాటలంటే ప్రాణం. కానీ చప్పుడు ఉన్నట్టుండి పెరిగితే చెవులు మూసుకుని వణికిపోయేది, వాంతి చేసుకునేది. అందుకే డేరా సినిమావాళ్లు రోజూ సాయంత్రం వేసే రికార్డులన్నీ మిద్దె మీద కూర్చుని విన్నాను. ఏ పాటలో ఎక్కడ బాకా అరుస్తుందో, ఎక్కడ డోళ్లు విరుచుకుపడతాయో డైరీలో రాసుకున్నాను. చివరిదాకా మెత్తగా సాగేవి తొమ్మిది తేలాయి.

పెళ్లిలో అవే వస్తాయని చెల్లెలికి మాటిచ్చి, అవే వేయించమని చీటీ రాసి చిన్నాయనకిచ్చాను. ఆయన దాన్ని పందిట్లో అందరికీ చదివి వినిపించాడు.

"ఏమే పిల్లా, ఇది పెండ్లనుకుంటివా, సావనుకుంటివా? మైకు పెడితే ఉరవకొండ దాకా ఇనపడాల!"

అందరూ నవ్వారు. ఆయన నా చీటీలో వక్కపొడి పొట్లం కట్టుకుని, హారన్‌ను చెల్లెలి గది కిటికీ ఎదురుగానే కట్టించాడు. మొదటి పాటకే లోపలినుంచి చెల్లెలి కేక వినబడింది. ఒక్కరూ లేవలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మైకుసెట్టువాళ్లు భోజనాలకు కూర్చోగానే గ్రామఫోనుకున్న సూదినీ, సూదుల డబ్బీనీ తీసి బావిలో వేశాను. మైకు మూగబోయింది. గెలిచినట్టు గదిలోకి పోయాను.

చెల్లెలు చెవుల మీదినుంచి చేతులు తీసి అడిగింది:

"అక్కా, నువ్వు ఏరిన పాటలు గూడా ఇంగ రావా?"