వెనక బెంచీ నుంచి తీసిన ఫొటో

ఇస్నాపూర్ బడిలో నా లెక్కల క్లాసులో సగం మంది కిరాయి గదుల్లో ఉండే కంపెనీ కూలీల పిల్లలు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్లు. లెక్క వచ్చినా తెలుగులో చెప్పడానికి నోరు తెరవరు. వాళ్ల కోసమే కార్డుల పద్ధతి నేర్చుకున్నాను. ఒక్కొక్కరికీ నల్లటి గళ్ల బొమ్మ అచ్చేసిన కార్డు ఒకటి ఇస్తాను. దానికి నాలుగు వైపులు, నాలుగు జవాబులు. తమకు తోచిన జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, నేను నా ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి చూస్తాను. ఎవరు సరిగ్గా చెప్పారో ఫోన్‌లో వాళ్ల పేరు పక్కన పచ్చ గుర్తు పడుతుంది. మూడు నెలలుగా మూగనోము పట్టిన ఒక పిల్లకు భిన్నాలన్నీ వచ్చని నాకు తెలిసింది ఆ కార్డుల వల్లే. ఆ రోజు నా కాళ్లు నేలమీద నిలవలేదు.

పక్క క్లాసు టీచరుతో నాకు ఆరేళ్ల స్నేహం. ఇద్దరం బీరంగూడ నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్లం, ఒకే డబ్బాలో తినేవాళ్లం. "అక్కా, నాకు గూడ నేర్పియ్యవా?" అని అడిగితే సంబరపడ్డాను. ఆమె క్లాసు పిల్లలకు కావలసిన కార్డులు కూడా నేనే ఇంట్లో కూర్చుని కత్తిరించి, అట్టలకు అంటించి ఇచ్చాను. నా అంత పిచ్చిది ఇంకొకతి ఉండదు. నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని ఆమె మూడు రోజులు చూసింది.

తర్వాతి సోమవారం హెడ్మాస్టర్ పిలిచి తన ఫోన్ నా ముందు పెట్టారు. "ఏంది మేడం ఇది? క్లాసుల ఫోన్ చూసుకుంట కూసుంటున్నరని పైకి ఫొటో పంపిన్రు. పేరు రాయలే. మీరు రెండొద్దులల్ల జవాబు రాసియ్యాలె. అప్పటిదాంక కార్డులు బంద్."

ఫొటోలో పిల్లలు ఖాళీగా కూర్చున్నారు. నేను ఫోన్ చూస్తూ నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో నాకు బాగా గుర్తుంది. ఆ మూగనోము పిల్ల పేరు పక్కన అన్నీ పచ్చ గుర్తులే ఉన్నాయి. ఫొటోలో ముందర పిల్లల వీపులు, దూరంగా బోర్డు. వెనక బెంచీ మీద నుంచి తీసిందని చూడగానే తెలిసింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. "సార్, పక్క క్లాసు మేడంను అడుగుండ్రి. మూడొద్దులు కండ్లార చూసింది" అన్నాను. ఆమె ఒక్క మాట చెబితే నా పరువూ దక్కుతుంది, ఆ పిల్లల కార్డులూ దక్కుతాయి. ఆమెను పిలిపించారు. ఆమె నా వైపు చూడనేలేదు.

"ఏమో సార్, నాకంత తెల్వది. అక్క చేతుల ఫోనైతే ఎప్పుడూ ఉంటది."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నలభై రెండేళ్లకు నాకు అర్థమైంది. కోపం కంటే సిగ్గు ఎక్కువగా వేసింది, ఈమెనా నేను నమ్మింది అని.

వరండాలో ఆమెను ఆపాను. "ఎందుకు చేసినవ్?" అన్నాను.

తాను కాదని ఆమె బుకాయించలేదు. "ఏ మీటింగుకు వోయినా నీ క్లాసు ముచ్చటే. ఈ బడిల నేను గూడ ఉన్న గదక్కా."

"సరే, తీస్తే తీసినవ్. పిల్లలు కార్డులు ఎత్తి పట్టుకున్నప్పుడు తియ్యొచ్చు గద? దించినంక ఎందుకు తీసినవ్?"

ఆమె కొంగు సర్దుకుంది.

"ఎత్తినప్పుడు నేను నేర్చుకుంటున్న గదక్కా."