ముప్పై ఇళ్ల పుంటికూర

గణితం చదివినవాడు అబద్ధమాడలేడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. (ఆడితే గణితమే పట్టిస్తుందని అప్పటికి తెలియదు.) ఎమ్మెస్సీ పూర్తి చేసి, చొప్పదండిలో మా బాపు పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరుగుతూ ఉద్యోగం కోసం చూస్తున్న నన్ను, మాకు పాఠాలు చెప్పిన ఒక సారు పిలిచి బోథ్ దగ్గరి ఒక ఊరికి పంపారు. ఆయన్ను మేం గ్రాఫ్ సారు అనేవాళ్లం. పెళ్లిపత్రిక చేతికిచ్చినా వెనక్కి తిప్పి ఒక వంపు గీత గీసేవారు. వట్టికాళ్లలోంచి దూరి, కడుపులో చేరి రక్తం తాగే కొంకి పురుగులు ఊళ్లో ఎలా వ్యాపిస్తాయి, ఎందరికి, ఎన్నాళ్లకోసారి గోలీలు వేస్తే తగ్గుతాయి అన్నది సమీకరణాలతో ముందే లెక్కకట్టడం ఆయన పని. "పురుగులు మనుషుల్ని సమానంగా పంచుకోవురా. చాలామందిలో కొన్నే ఉంటాయి, కొద్దిమందిలో కుప్పలుగా ఉంటాయి. ఆ అసమానతను ఒక్క అంకెలో పట్టుకుంటే మిగతాదంతా లెక్కే" అనేవారు. వినడానికి ఎంతో బాగుండేది. అయితే ఆ అంకెను పట్టుకోవాలంటే ముందు ముప్పై ఇళ్ల నుంచి ముప్పై చిన్న డబ్బాల్లో మలం పట్టుకురావాలని, తేవలసినవాణ్ణి నేనేనని ఊరు చేరాక గానీ అర్థం కాలేదు.

అది పత్తి ఏరే కాలం. పొద్దు పొడిచేసరికి ఇళ్లకు తాళాలు పడేవి. దొరికినవాళ్లు నన్ను పైనుంచి కిందికి చూసి "గింత సదివింది గీ పనికా బిడ్డా?" అని జాలిపడేవారు. పిల్లలు 'డబ్బ సారు' అని పేరు పెట్టి వీధి చివరిదాకా సాగనంపేవారు. డబ్బాలు పంచి మూడు రోజులైనా నా చేతికి తిరిగొచ్చింది ఒక్కటే, అందులో నిమ్మకాయ తొక్కు పచ్చడి ఉంది. ఇంకో డబ్బా గురించి అడిగితే ఆ ఇంటి ముసలవ్వ, "మూత మంచిగ గట్టిగున్నది బిడ్డా, పసుపు పోసుకున్న. ఇంకోటుంటే ఇయ్యి, కుంకుమకైతది" అంది. సోమవారం వస్తున్నానని సారు ఫోన్ చేశారు. ఒక్కో డబ్బాకు చిక్కుడు గింజంత సరిపోతుంది. (లెక్కల్లో నేను ఎప్పుడూ చురుకే.) శనివారం ఉదయం కొత్త డబ్బాలు ముప్పై తీసి, ముప్పైకీ అంకెలు వేసి, ముప్పైకీ దాతను నేనొక్కణ్ణే అయ్యాను.

ఆ డబ్బాలను పరీక్షించింది మేం భూతద్దం అక్క అనే ల్యాబ్ టెక్నీషియన్. బొగ్గుబావుల కాలనీలో పెరిగిన మనిషి, బావిలో దిగే కార్మికుడి బిడ్డ. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే పక్కన పిడుగు పడినా తల తిప్పేది కాదు. ఆమె పని నెలనెలా పొడిగించేది. ఇది నిలబడితే కూతుర్ని కరీంనగర్‌లో చదివించాలని ఆమె ఆశ. ఆ ముప్పై డబ్బాల్లోనూ పురుగుల గుడ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రిజిస్టరులో రాసింది.

సోమవారం గ్రాఫ్ సారు ఆ అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించారు. అసమానతను కొలిచే ఆ అంకె సున్నా కంటే కిందికి పోయింది. ఏ ఊళ్లోనూ అలా రాకూడదు. ముప్పై ఇళ్లలోనూ ఇంచుమించు ఒకే లెక్క.

"రేషన్ బియ్యంలా పంచుకున్నాయా అమ్మా ఈ పురుగులు?" అన్నారు అక్క వైపు తిరిగి. "చూసే రాశావా, కూర్చున్నచోటే రాశావా?"

"కండ్లతోటి సూసినయే రాసిన సార్."

"అయితే మళ్లీ చూపించు."

"గా గుడ్లు గాజు మీద గంట దాటితే కరిగిపోతయి, మీకెరుకే గద. డబ్బలు నిన్ననే గుంతల పూడ్చినం."

సారు నా వైపు చూశారు. "నువ్వు ముప్పై ఇళ్లూ తిరిగావు కదా?"

"తిరిగిన సార్" అన్నాను. (కాళ్ల వరకు అది నిజమే.)

అప్పుడు అక్క నెమ్మదిగా నా వైపు తిరిగింది. "తమ్మీ, ముప్పై ఇండ్లల్ల ఒక్కనాడే పుంటికూర వండుకున్నరా? అన్ని డబ్బలల్ల గదే పీచు."

శుక్రవారం పూటకూళ్లింట్లో మూడుసార్లు వడ్డించుకున్న పుంటికూర (గోంగూర అన్నా అదే) కళ్ల ముందు కదిలింది. "గిప్పుడు దొరికేది గదే గదక్కా" అన్నాను. ఆమె ఇంకొక్క మాట అంటే నా పని అయిపోయినట్టే.

"కూరల లెక్క మనకెందుకమ్మా, గుడ్ల లెక్క చెప్పు" అన్నారు సారు.

అక్క నన్నే చూస్తూ రిజిస్టరు మూసింది. "మీ ఇష్టం సార్" అంది. అంతే. లెక్కించినవారి పొరపాటు అని సారు కాగితం మీద రాశారు. ఆమెకు మరుసటి నెల పొడిగింపు రాలేదు.

బస్టాండు దాకా ఆమె సంచి నేనే మోశాను. చేసింది మాత్రం ఒప్పుకోలేదు. బస్సు కదిలేముందు కిటికీలోంచి ఒక కాగితం పొట్లం అందించింది. అందులో ఒకే ఒక్క పురుగుల గోలీ ఉంది.

"గా ముప్పై ఇండ్లకు గిదొక్కటి సాలు" అంది.

"అక్కా, మరి సారుతోటి ఎందుకు చెప్పలే?"

"చెప్దామనే అనుకున్న తమ్మీ. నీ గుడ్ల లెక్క చూసినంక పాపమనిపించింది. జర చెప్పులేసుకొని తిరుగు."

గోలీ మింగాను. పుల్లలా ఉన్నవాణ్ణి ఏడాదిలో ఒళ్లు చేశాను. (కొండగట్టు మొక్కు ఫలించిందని మా అవ్వ ఇప్పటికీ అంటుంది.) పోయిన నెల ధైర్యం చేసి గ్రాఫ్ సారుకు అంతా రాశాను. ఆయన ఇప్పుడు రిటైరయ్యారు. కార్డు మీద జవాబిచ్చారు: "ముప్పై డబ్బాల వెనక మనిషి ఒక్కడేనని ఆ అంకె ఆనాడే చెప్పింది. దాన్ని నమ్మక నేను ఆమెను అనుమానించాను." సారు ఆనాడు రాసిన కాగితం మీద పొరపాటు అన్నచోట ఉండవలసింది నా పేరు. అక్క ఎక్కడుందో తెలుసుకోలేకపోయాను. ఆ బిడ్డ కరీంనగర్‌లో చదివిందో లేదో కూడా తెలియదు.

కరీంనగర్‌లోనే నేనిప్పుడు లెక్కలు చెబుతున్నాను. కాలేజీలో పురుగుల గోలీలు పంచేరోజు మొదటిది అందరి ముందూ నేనే వేసుకుంటాను. "సార్, మీకెందుకు?" అని ఈసారి ఒక అమ్మాయి అడిగింది. "ముప్పై ఇండ్ల తరఫున" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, ఆ బస్టాండులో పొట్లం పట్టుకుని వట్టికాళ్లతో నిలబడ్డ డబ్బ సారును తలచుకుని.