మేస్త్రీ ఇంటి ట్యాంకు

“చుక్క జారితే తాపీ వదిలేస్తా!” అంటూ అందరి ఇళ్ళకూ సెప్టిక్ ట్యాంకులు కట్టిన మేస్త్రీకి, తన పెరటి ట్యాంకే కారుతోందన్న మాట వినడం కంటే అవమానం మరొకటి ఉంటుందా? ఆ మాట అన్నది పక్కింటి టీచరమ్మ. ఆమె బావినీళ్ళు వాసన కొడుతున్నాయి.

కట్టిన చేతులు దులుపుకొని, నేరమంతా వాన మీదికి నెట్టేసే మేస్త్రీలు వీధికొకడున్న ఈ రోజుల్లో, ఇతడు పరీక్షకు నిలబడ్డాడు. ట్యాంకు తోడించి, కడిగించి, సగానికి మంచినీళ్ళు నింపాడు. కర్ర దించి, తడిసినంత మేరకు బొగ్గుతో గీత గీశాడు. మర్నాటి సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ చెంబెడు నీళ్ళైనా వాడరాదు. నీరు గీతకు దిగువకు జారితే ట్యాంకు కారుతున్నట్టే.

“మరి మేమెక్కడికి పోవాలండీ?” అంది భార్య.

“ఫిర్యాదు చేసింది టీచరమ్మేగా? వాళ్ళ బాత్‌రూమే వాడుకోండి.”

టీచరమ్మ నవ్వి ఒప్పుకుంది.

మర్నాడు కర్ర దించితే, నీరు గీతకు పైనే ఉంది. “నేనే పొరపడ్డానన్నయ్యా” అని ఆమె నొచ్చుకుంటూ వెళ్ళింది.

మేస్త్రీ మీసం దువ్వుకుంటూ లోపలికి నడిచాడు. బాత్‌రూమ్ గచ్చు తడిగా ఉంది. దండెం మీద అత్తగారి చీర నీళ్ళోడుతోంది.

“అత్తయ్యా, మీరు పక్కింటికి వెళ్ళలేదా?”

“మనల్ని వేలెత్తి చూపిన మనిషి గడప తొక్కుతానా? స్నానం, ఉతుకుడు అన్నీ ఇక్కడే కానిచ్చాను. గెలిచాంగా బాబూ, ఇంక ఆ మాటెత్తకు!”

ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకే చేరాయన్నమాట. నోరు మెదపకపోతే అడిగేవారు లేరు. అంతలో పక్కింటి బావి గిలక కిర్రుమంది. మేస్త్రీ ఒక్క పరుగున గోడ దగ్గరికి చేరాడు.

“టీచరమ్మా, ఆ నీళ్ళు ముట్టుకోకండి! పరీక్ష చెల్లదు. రేపు మళ్ళీ చేద్దాం. ఈసారి మా అత్తయ్య కూడా మీ ఇంటికే వస్తుంది!”

రెండో పరీక్షలో నీరు బెత్తెడు దిగింది. తోడించి చూస్తే, అడుగు మూలలో పూత చిట్లి ఉంది. అతని చేతి పూతే.

“తాపీ వదిలేస్తానన్నారుగా అన్నయ్యా?”

“ముందు దీన్ని పూడ్చనివ్వండి టీచరమ్మా, తర్వాత తీరిగ్గా తిడుదురుగాని.”

పూడ్చాడు. బావి బాగుపడేదాకా తన కుళాయి నీళ్ళే బిందెలతో ఆమె ఇంటికి మోశాడు. మూడోసారి నీరు గీత మీదే నిలిచింది. ఊపిరి పీల్చుకొని వెనక్కి తిరిగేసరికి, అత్తగారు తువ్వాలు భుజాన వేసుకొని గేటు దాటుతోంది.

“అత్తయ్యా, ఇక మనింట్లోనే స్నానం చేయొచ్చు!”

“తొందరేముంది బాబూ, ఇంకో వారం చూడు. వాళ్ళింట్లో వేడినీళ్ళ కుళాయి ఉంది.”