పదిహేడు ఒకట్లు

హరిలాల్ సారు పాల్వంచ దాటి అడవి మొదలయ్యేచోట, తను పుట్టిన తండాలోనే పిల్లలకు బడి చెప్పేవాడు. డెబ్భై ఆరు వానాకాలంలో ఆయన ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ల పూలి, జ్వరంతో పోయింది. వాగు పొంగి రెండు రోజులు దారి ఇవ్వలేదు. ఇచ్చేసరికి దవాఖానాతో పని లేకపోయింది.

ఆ తర్వాత హరిలాల్‌కూ భార్య ద్వాలికీ మాటలు ఆగిపోయాయి. తగవేమీ లేదు. ఒకరి ముఖం చూస్తే ఒకరికి పిల్ల గుర్తొచ్చేది, అంతే.

ఆ రోజుల్లోనే పాల్వంచలో లెక్కల సారు అబ్దుల్ సత్తార్ ఆయనకొక సంఖ్య చెప్పాడు. వరసగా పదిహేడు ఒకట్లు. ఒకటీ, ఆ సంఖ్యా కాక దాన్ని శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉందా?

"అన్నీ చూడనక్కర్లేదు హరిలాల్. ప్రధాన సంఖ్యలే చాలు. భాగించేది ఉంటే, దాన్ని ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటే మిగలాలె. అట్లాంటియే పట్టుకో."

అలాంటివే వేలకు వేలు. హరిలాల్ నూట మూడుతో మొదలుపెట్టాడు. వారం తర్వాత ద్వాలి వచ్చి పక్కన కూచుంది.

"గిది తప్పు. ఎనిమిది గాదు, ఏడు రావాలె," అంది.

నెల రోజుల్లో ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

ద్వాలి నాలుగో తరగతి దాకా చదివింది. ఆయనకన్నా నిదానంగా చేసేది, ఆయనకన్నా తక్కువ తప్పులు చేసేది. బడి వదిలాక, పొద్దుగూకేలోపు, ఇద్దరూ వాకిట్లో నోటుబుక్కులు పట్టుకుని కూచునేవారు. రోజుకు మూడో నాలుగో. లెక్కల మధ్య మెల్లగా వేరే మాటలు దూరాయి. ఒకసారి పూలి మాట వచ్చింది. ఇద్దరూ తనివితీరా ఏడ్చి, మళ్లీ లెక్కలోకి దిగారు. పదేళ్లు అలా గడిచాయి. భాగించే సంఖ్య విలువ ఇరవై లక్షలు దాటింది.

"ఇది తెగినంక ఏం జేద్దాం?" అని ఒకరోజు అడిగింది ద్వాలి.

"ఏం జేస్తం? పుస్తకాలు మూస్తం," అన్నాడాయన నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

ఎనభై తొమ్మిదిలో ద్వాలి కామెర్లతో పోయింది. ఏడాదిపాటు హరిలాల్ ఆ పుస్తకాల జోలికి పోలేదు. తెరిచింది కూడా ముందుకు సాగడానికి కాదు, ఆమె రాత చూసుకోవడానికి. ఆమె చేసిన భాగహారాలే ఒక్కొక్కటీ మళ్లీ చేస్తూ పోయాడు.

2071723 దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చివరి మెట్టులో ద్వాలి 14502061 రాసింది. దాని కింద మళ్లీ 14502061 రాసింది. గీత గీసి, శేషం తొమ్మిది అని వేసింది. రబ్బరుతో చెరిపినచోట సున్నా గుండ్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.

పేజీ పైన తేదీ చూశాడు. పుస్తకాలు మూస్తామని తను అన్న వారంలోదే. ఆ తర్వాత మూడేళ్లు, తేలిపోయిన లెక్కనే ద్వాలి రోజూ ఆయన పక్కన కూచుని చేసింది.

మరునాడు పొద్దున్నే ఆ నోటుబుక్కుతో బస్సెక్కి పాల్వంచ బడిలో సత్తార్ సారు దగ్గరికి పోయాడు. ఆయన కాగితం మీద గుణించి చూసి, "ఖరారే. ఇద్దరూ సాధించిండ్రు," అన్నాడు.

"భయపడ్డది సార్. లెక్క అయిపోతె ఇల్లు మళ్ల మూగదైతదని భయపడ్డది. నాకొక మాట జెప్పకపాయె. పంతొమ్మిది ఒకట్లు ఉండె గద. అంకెలకు కొదవా?"

సత్తార్ సారు కాగితం మడిచి ఆయన చేతికిచ్చాడు.

"పంతొమ్మిది ఒకట్లను ఏదీ భాగించదు హరిలాల్. పట్టుకుంటె బతుకంతా తెగకపోవు."

"అవ్ సార్, గదే పట్టుకునేటోళ్లం," అన్నాడు హరిలాల్. అంటూనే ఆ బడి వరండాలో, పిల్లలందరి ముందు, కుప్పకూలి ఏడ్చాడు.

ఇంకో నాలుగేళ్లు బడి చెప్పి రిటైరయ్యాడు. ఎవరైనా వస్తే పలకరించేవాడు. రాకపోతే వాకిట్లో, నోటుబుక్కు తియ్యకుండా, అలాగే కూచునేవాడు.